రత్నరాజు పాట

ఆదివారం పొద్దున్నే కృపావతి పెరటి గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. ఆ రోజు ఆమె భర్త రత్నరాజు జ్ఞాపకార్థ కూడిక. మందిరంలో ప్రార్థన అయ్యాక సంఘమంతా ఇంటికొచ్చి భోంచేస్తుంది. మిగతా వంటకి మనుషుల్ని పెట్టింది గానీ, చింతచిగురు రొయ్యలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. అవి ఆయనకి ఇష్టం.

కూతురు జెస్సీ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. బందరులో ప్రైవేటు స్కూల్లో టీచరు. నిన్న సాయంత్రం బస్సు దిగిన దగ్గర్నుంచీ సరిగ్గా తినలేదు.

"కాఫీ చల్లారిపోయింది. తాగవేమే?"

"తాగుతాలేమ్మా."

"మొహం అలా పెట్టుకుని మందిరానికి రాకు. నాన్న పాట నువ్వే ఎత్తాలి. పాస్టరు గారు ప్రత్యేకంగా చెప్పారు."

జెస్సీ కాఫీ గ్లాసు తీసుకుంది. తాగలేదు.

రత్నరాజు పాట అంటే కోడూరు చుట్టుపక్కల సంఘాల్లో తెలియనివాళ్ళు లేరు. కృపావతికి జెస్సీ కంటే ముందు ఒక కొడుకు పుట్టాడు. జ్వరంతో పోయాడు. పిల్లాణ్ణి పూడ్చిపెట్టి వచ్చాక రత్నరాజు ఎవరితోనూ మాట్లాడలేదు. కాలవగట్టు మీద కూర్చునేవాడు, చీకటి పడితే ఇంటికొచ్చేవాడు. ఒకరోజు వచ్చి, చేతులు కట్టుకుని, భార్య ముందు నిలబడి ఒక పాట పాడాడు. 'గట్టు చేరిన పడవను ప్రభువా, నీ చేతికి అప్పగిస్తున్నాను' అని మొదలవుతుంది. అంతవరకూ కంటనీరు పెట్టని కృపావతి అప్పుడు ఏడ్చింది. ఎక్కడిదండీ ఈ పాట అని అడిగితే, ఆయన నేల చూస్తూ, "దేవుడిచ్చాడు" అన్నాడు. అప్పట్నుంచి ఆ ఊళ్ళలో ఆ పాట లేకుండా ఎవరినీ మట్టిలో పెట్టలేదు. రత్నరాజునీ దానితోనే పంపారు.

జెస్సీ గొంతులో ముద్ద దిగకపోవడానికి కారణం ఆ పాటే.

బందరులో రహంతుల్లా అనే పెద్దాయన ఆర్కెస్ట్రా నడుపుతాడు. వచ్చే శనివారం టౌన్‌హాల్లో 'పాటల సినిమాలు' అని పెద్ద కార్యక్రమం పెట్టాడు. ముప్ఫైల నుంచి ఇప్పటిదాకా పాటలతోనే ఆడిన సినిమాలు, పదేళ్ళకి కొన్ని చొప్పున. మధ్యమధ్యలో ఆయనే మైకు పట్టుకుని కబుర్లు చెప్తాడు. రిహార్సల్‌లోనూ అదే వరస.

"ముప్ఫైల్లో మనుషులు మంచినీళ్ళు కావాలన్నా పాడే అడిగేవాళ్ళమ్మా. యాభైల్లో రాజకుమారి వీణ పట్టుకుందంటే, ఆ పాటయ్యేదాకా జనం వేరుశనక్కాయలు కూడా నమిలేవాళ్ళు కాదు. ఎనభైల్లో బిందెలొచ్చాయి. హీరో తంతే దొర్లుకుంటూ వచ్చాయి. మా హార్మోనియాలు ఆ బిందెల కింద పడి చచ్చాయి. ఇప్పుడా, ముందు పాట ఫోన్లో తిరుగుతుంది, సినిమా దాని వెనకాల పరిగెత్తుకొస్తుంది. సరే, నీకు అరవైలమ్మా. పడవ పాట. విను."

ఆయన కీబోర్డు మీద మొదటి వరస వాయించాడు. జెస్సీ నవ్వుతూ, "అది మా చర్చి పాట కదా మావయ్యా" అంది. ఆయన నవ్వలేదు. ఆమె మొహం చూసి వేళ్ళు తీసేశాడు. "మీ నాన్న పెళ్ళికి ముందు నాగాయలంక టూరింగ్ టాకీసులో పనిచేశాడన్నావు కదూ" అని మాత్రం అన్నాడు.

ఆ పాట తను పాడనని చెప్పి, వేరేది అడిగి తీసుకుంది. అమ్మకి ఎప్పటికీ చెప్పకూడదనుకుంది. బస్సులో ఆ సినిమా పాట ఫోన్లో మళ్ళీ మళ్ళీ చూస్తూ, చల్లపల్లి దాటేవరకూ అదే అనుకుంటూ వచ్చింది.

పక్కింటి సరోజిని దడి మీంచి తల పెట్టింది. చేతిలో ఫోను.

"వదినా, ఇది మన జెస్సీయే కదూ? ఫొటో వేశారు. మన సంఘం గ్రూపులో పెట్టారెవరో. పాస్టరమ్మ గారు కూడా చూశారంట."

కృపావతి చేతులు కడుక్కోకుండానే లేచి చూసింది. రంగురంగుల కరపత్రం. మధ్యలో తంబురా బొమ్మ, చుట్టూ పాడేవాళ్ళ ఫొటోలు. అందులో తన కూతురు, బొట్టు లేని మొహంతో, నవ్వుతూ.

"నేనేదో తెలుసుకుందామని అడిగాను వదినా. తప్పుగా అనుకోకు" అంటూ సరోజిని తల దించేసుకుంది. దడి అవతలే నిలబడింది.

"ఇదేంటే?"

"పాటల ప్రోగ్రాం అమ్మా."

"సినిమా పాటలా?"

"అవును."

"మీ నాన్న ఏం చేశాడో నీకు తెలుసా? నన్ను చేసుకున్నాక సినిమా అన్న మాట ఈ గడప తొక్కలేదు. హాలు పని వదిలేశాడు, రేడియో అమ్మేశాడు. నేను ఒక్కసారి చెప్పాను, ఆయన విన్నాడు. అలాంటాయన జ్ఞాపకం రోజున నీ బొమ్మ ఊరంతా తిరుగుతోంది."

"పాట పాడితే తప్పేంటమ్మా? నేనేం తాగొచ్చానా?"

"నోర్ముయ్. ఆ పాటలు పాడే నోటితో ఇవాళ మీ నాన్న పాట ఎత్తకు. నీకా అర్హత లేదు. నేనే పాడుకుంటాను."

జెస్సీ కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టింది. ఫోను తీసి, వెతికి, గ్లాసు పక్కన పెట్టింది.

పాత రికార్డింగు. ముందు వేణువు, తర్వాత ఆడగొంతు, ఆ వెనక మగగొంతు. కృపావతి ఒక్క చరణం విన్నది. మాటలు వేరు, బాణీ మాత్రం అదే. ఆమె మొహం ఎర్రబడింది.

"ఎవరు వీళ్ళు? మీ నాన్న పాట సినిమా వాళ్ళు దొంగిలించారా? ఎంత ధైర్యం! పాస్టరు గారికి చెప్పి కేసు వేయించాలి!"

జెస్సీ ఆగిపోయి ఉండాల్సింది. ఆగలేదు.

"ఈ సినిమా వచ్చేనాటికి నాన్నకి నాలుగేళ్ళమ్మా. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో నువ్వే లెక్కేసుకో. దేవుడిచ్చాడంట. దేవుడు టూరింగ్ టాకీసులో ఇచ్చాడు!"

దడి అవతల అడుగుల చప్పుడు, గబగబా వెళ్ళిపోతూ.

కృపావతి అరవలేదు. పీట మీద కూర్చుని మళ్ళీ రొయ్యలు ఒలవడం మొదలుపెట్టింది. ఒలిచినవి పొట్టులో వేస్తోంది, పొట్టు గిన్నెలో వేస్తోంది. జెస్సీ అది చూసి, "అమ్మా" అంటూ కూర్చుని గిన్నె లాక్కుంది. తల్లి చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి.

"నేను వచ్చినప్పుడల్లా ఈల ఆపేసేవాడు" అంది కృపావతి. "కాలవగట్టు మీద. నేను అన్నం పట్టుకెళ్తే, దూరం నుంచి ఈల వినిపించేది. దగ్గరికెళ్తే ఉండేది కాదు. ప్రార్థన చేసుకుంటున్నాడనుకునేదాన్ని."

"అమ్మా, నేను అలా అనకుండా ఉండాల్సింది."

"నేనంటే భయపడ్డాడే. కొడుకు పోయినప్పుడు కూడా."

మందిరంలో గంట కొట్టారు. ఇద్దరూ తెల్లచీరలు కట్టుకుని బయల్దేరారు.

మందిరం నిండిపోయింది. పాట తనే ఎత్తుతానని కృపావతి పాస్టరు గారికి ముందే చెప్పింది. రత్నరాజు ఫొటోకి బంతిపూల దండ వేసి బల్ల మీద పెట్టారు. బైబిలు వాక్యం చెప్పడం అయ్యాక పాస్టరు గారు, "మన సహోదరుడికి దేవుడిచ్చిన పాట ఇప్పుడు అందరం పాడదాం. కృపావతమ్మ గారు ఎత్తుతారు" అన్నారు. కంజీర అతను సిద్ధంగా ఉన్నాడు. అందరూ లేచి నిలబడ్డారు.

కృపావతి మైకు దగ్గరికి వెళ్ళింది. మైకు పట్టుకుని భర్త ఫొటో వంకే చూసింది. జనం ఏడుపు ఆపుకుంటోందేమో అనుకున్నారు.

"అయ్యగారూ, మాటలు మా ఆయనవి" అంది. "బాణీ ఆయనది కాదండి. సినిమాది. నాకూ ఇవాళే తెలిసింది. సినిమా అంటే నేను ఒప్పుకోనని నాకు చెప్పలేదాయన. ఇన్నేళ్ళూ మీచేత తెలియక పాడించాను. క్షమించండి."

సరోజిని తలమీద కొంగు సర్దుకుంది. పాస్టరు గారు పుస్తకం తెరిచి, మూసి, గొంతు సవరించుకున్నారు. "ఈ రోజుకి వేరే పాట పాడుకుందాం" అన్నారు. కంజీర మోగింది. అందరూ వేరే పాట అందుకున్నారు. మామూలు కంటే గట్టిగా పాడారు.

భోజనాలకి సగం మందే వచ్చారు. చింతచిగురు రొయ్యలు మిగిలిపోయాయి. పొద్దు వాలుతుంటే తల్లీకూతుళ్ళు సమాధి దగ్గరికి పూలు పట్టుకుని కాలవగట్టు మీద నడిచారు. అక్కడికొచ్చాక జెస్సీ ఆపుకోలేకపోయింది.

"ఎందుకు చెప్పావమ్మా? ఇక ఎవ్వరూ పాడరు. నాన్న పాట పోయింది. నావల్లే పోయింది."

"నాకు భయపడి బతికినంతకాలం దాచుకున్నాడు. పోయాక కూడా నా పరువు కోసం దాగమంటావా ఆయన్ని?"

కాలవలో గుర్రపుడెక్క మొక్కలు మెల్లగా కదులుతున్నాయి. కృపావతి కొంత దూరం నడిచి అడిగింది.

"ఆ సినిమాలో అది ఎప్పుడొస్తుందే? ఎవరన్నా చచ్చిపోతారా?"

జెస్సీ చేతిలోని పూలు సర్దుకుంది.

"చెప్పు. ఇంతదాకా వచ్చాక నాకేంటి?"

"కాదమ్మా. కొత్తగా పెళ్ళయినవాళ్ళు పడవలో వెళ్తుంటారు. అతను మాటలు రాని మొద్దులా ఉంటాడు. ఆవిడే ముందు పాడుతుంది. అప్పుడు అతనూ అందుకుంటాడు."

కృపావతి నిలబడిపోయింది.

"పెళ్ళయిన కొత్తలో గుడివాడ తీసుకెళ్ళాడు నన్ను. మా చిన్నమ్మ ఇంటికని. బస్టాండులో దిగాక, పాత సినిమా ఒకటి మళ్ళీ ఆడుతోంది, పడవ పాట ఒకటుంటుంది, అది నీకు చూపించాలని తెచ్చానన్నాడు. నా చేతిలో అప్పటికే టిక్కెట్లు పెట్టాడు. నేను అక్కడే, అందరి ముందూ చించి కింద పడేశాను. నరకానికి పోవడానికి నన్ను తోడు తీసుకెళ్తున్నావా అన్నాను. ఆయన వంగి ఆ ముక్కలు ఏరుకున్నాడు."

ఆమె గట్టు మీద కూలబడింది. ఏడుపు పొద్దుట నుంచీ ఆగి ఇప్పుడొచ్చింది. నోట్లో కొంగు కుక్కుకున్నా ఆగలేదు. జెస్సీ పక్కన కూర్చుని తల్లి వీపు నిమిరింది.

"పిల్లాడు పోతే ఆ మనిషికి నాతో మాట్లాడే దారే కనపడలేదే. నేను వినేది ప్రార్థనొక్కటే. అందుకే దాన్ని పట్టుకొచ్చి, దేవుడి మాటలు తొడిగి, నా ముందు నిలబడ్డాడు. ఆయన దేవుడికి పాడలేదు. నాకు పాడాడు."

అవతలి గట్టున ఎవరో గేదెల్ని తోలుకెళ్తున్నారు.

"నీకు వచ్చా, ఆ సినిమా మాటలు?" అంది కృపావతి మొహం తుడుచుకుని.

"వచ్చమ్మా."

"పాడు."

"ఇక్కడా? ఎవరన్నా వింటే?"

"విననీ."

జెస్సీ మెల్లగా మొదలుపెట్టింది. నీళ్ళలో నీడల గురించి, కొత్త పెళ్ళికొడుకు మొహమాటం గురించి ఏవో తేలిక మాటలు. వాటిలో చావు లేదు, ప్రార్థన లేదు. ఆడగొంతు వరస అయిపోయి మగగొంతు అందుకోవలసిన చోట జెస్సీ అలవాటుగా ఆగింది. అక్కడ ఎవరూ అందుకోలేదు. కృపావతి కళ్ళు మూసుకుని ఆ ఖాళీ అంతా విన్నది.