ఆఫీసు గొంతు

ఆ ఇంట్లో భోజనాల బల్లకు నాలుగు కుర్చీలున్నా, కిటికీ వైపున్నదాన్ని మాత్రం అందరూ ఉద్యోగి కుర్చీ అనేవారు. ఇంటి కోడలు ఒక మందుల కంపెనీలో హెచ్ఆర్ మేనేజరు. ఎవరినైనా పనిలోంచి తీసేయాల్సి వస్తే, ఆ మాట చెప్పే రోజు పొద్దున్నే ఇంట్లో ఒకసారి చెప్పి చూసుకోవడం ఆమె అలవాటు. భర్త ఆ కుర్చీలో ఉద్యోగిలా కూర్చునేవాడు. బడిలో లెక్కలు చెప్పే మాస్టారతను. నాటకాల పిచ్చి తీరకుండానే వయసు మీద పడింది. ఒకసారి బల్ల గుద్దేవాడు, ఒకసారి నోట మాట రానట్టు బిగుసుకుపోయేవాడు, ఒకసారి ఎగిరి గంతేసి "అబ్బ, బతికించారు మేడమ్!" అనేవాడు. ఏం చేసినా ఆమె తొణికేది కాదు. గ్లాసుడు నీళ్ళు అతని ఎడమచేతి పక్కన పెట్టి, "ఇది మీ పనితనం గురించి కాదు" అని మొదలుపెట్టేది.

ఆ మాట చివరికి ఇంట్లో హాస్యమైపోయింది. రెండోసారి టీ అడిగిన కొడుకుతో అత్తగారు, "ఇది నీ పనితనం గురించి కాదు నాయనా" అనేవారు. చేతిలోంచి రిమోటు లాక్కుంటూ ఆడపడుచు చిట్టి కూడా అదే అనేది. ఆ మాట అనేటప్పుడు కోడలి గొంతులోకి వచ్చే నున్నదనానికి పేరు పెట్టింది అత్తగారే. ఆఫీసు గొంతు.

ఆ రోజు చిట్టి అదే కంపెనీలో పొద్దుటి షిఫ్టుకు బయల్దేరుతూ వాకిట్లోంచి కేకేసింది.

"వదినా! నీ డబ్బాలో స్పూను పెట్టాను. మొన్నటిలా పెన్ను మూతతో తినకు, పరువు పోతుంది."

"సరేలే, బస్సు పోతుంది నీకు" అందామె. ఆ మాట మామూలుగానే వచ్చింది. అంత మామూలుగా ఎలా వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు.

తలుపు మూసుకుంది. మాస్టారు గడ్డం గీసుకున్న మొహాన్ని తువ్వాలుతో అద్దుకుంటూ వచ్చి ఉద్యోగి కుర్చీలో కూర్చున్నాడు. అత్తగారు బల్ల చివర బఠానీలు ఒలుస్తున్నారు.

"ఊఁ. ఈసారి ఎవర్ని సాగనంపుతున్నావు? నన్ను ముసలి గుమాస్తాను చేయకు, పోయినసారి దగ్గి దగ్గి గొంతు పోయింది."

"లేబుళ్ళ విభాగంలో ఒకమ్మాయి."

"చిట్టి వాళ్ళ దగ్గరా? పాపం. ఎలాంటి అమ్మాయి?"

"బాగా పనిచేస్తుంది. మందు పెట్టె మీద ఒక్క అక్షరం తప్పున్నా పట్టుకుంటుంది."

"అయితే నోరున్న మనిషే. ఇంట్లో ఎవరున్నారు?"

పాత్రలోకి దిగే ముందు అతను ఎప్పుడూ అడిగే ప్రశ్నే అది. ఆమె గ్లాసును ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి జరిపింది.

"అమ్మ. అన్న."

"పెళ్ళి?"

"అయింది. నిలవలేదు."

బఠానీల చప్పుడు ఆగింది. మాస్టారి మొహంలో నటన ఇంకా పూర్తిగా దిగిపోలేదు. నవ్వబోయిన నవ్వు అలాగే ఉండిపోయింది.

"వదిన ఉందా?" అన్నాడు చాలా నెమ్మదిగా.

ఆమె గ్లాసు మీంచి చెయ్యి తీసేసింది.

చిట్టి పెళ్ళి విడిపోయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో గది తలుపు తీసేది కాదు. కంచం గుమ్మం దగ్గర పెడితే సగం తిని బయటికి తోసేది. ఆమెను లేపి కూర్చోబెట్టింది ఈ ఉద్యోగమే. లేబుళ్ళు సరిచూసే బల్ల ముందు ఒక దీపం, ఒక భూతద్దం, పక్క కుర్చీలో ఒక వాగుడుకాయ స్నేహితురాలు. కొన్నాళ్ళకు చిట్టి తినడం మొదలుపెట్టింది, ఆ తర్వాత నవ్వడం, ఆ తర్వాత ఇంట్లో అందరి మీదా పెత్తనం.

"కొత్త చట్టం వస్తోందన్నావుగా! కేకు కోయించావు కదే మా చేత!" మాస్టారి గొంతు పెరిగింది.

కోయించింది నిజమే. ఏడాది పాటు విరామం లేకుండా పనిచేసిన కాంట్రాక్టు ఉద్యోగిని శాశ్వత ఉద్యోగిగానే చూడాలని చట్టం రాబోతోందని తెలిసిన రోజు, ఆఫీసు నుంచి వస్తూ కేకు కొనుక్కొచ్చింది. ముసాయిదాలో ఒక నిబంధన ఉండేది. చట్టం అమల్లోకి రాకముందే హడావిడిగా తీసేసినవాళ్ళకూ ఆ హక్కు ఉంటుందని. ఆ నిబంధనను ఆమె రెండు సార్లు చదివింది. చదివి ధైర్యం తెచ్చుకుంది. చిట్టికి ఇంకోచోట ఒక చిన్న పరీక్షశాలలో పర్మనెంటు ఉద్యోగం వస్తే, "వద్దులే, ఇక్కడే అయిపోతుంది, నేను చెబుతున్నాగా" అని మానిపించింది.

తుది చట్టంలో ఆ నిబంధన లేదు. ఎక్కడ జారిపోయిందో, ఎవరు తీశారో చెప్పేవాళ్ళు లేరు. ఏడాది నిండబోతున్న కాంట్రాక్టులన్నీ ముందే ముగించమని పైనుంచి మాట వచ్చింది. ఉద్యోగుల్ని కాపాడటానికి పుట్టిన చట్టమే వాళ్ళను గుమ్మం దాటిస్తోంది. అంతా చట్టప్రకారమే. చట్టప్రకారమే జరుగుతోందని చూసుకోవడమే ఆమె పని.

"దానికి చెప్పావా?"

"ముందుగా చెప్పకూడదు. ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పకపోతే కేసవుతుంది."

"మనమందరం ఒకే గిన్నెలోది తింటున్నాం ఇక్కడ. నీకు కేసులు గుర్తొస్తున్నాయా?"

"నన్నేం చేయమంటారండీ?"

"సంతకం పెట్టకు."

"నేను పెట్టకపోతే బయటి ఏజెన్సీకి ఇస్తారు. వాళ్ళు ఫోనులో మెసేజ్ పంపుతారు. బస్సులో వస్తుంటే చూసుకుంటుంది. అలా వద్దనే నేను చెబుతానని అడిగాను."

మాస్టారు కుర్చీలోంచి లేచాడు.

"అడిగావా? అడిగి తీసుకున్నావా ఈ పని?"

ఆ ప్రశ్న ఆమెలో ఎక్కడో చాలా లోతుకు వెళ్ళి తగిలింది. అడిగినప్పుడు అది దయ అనుకుంది. ఇప్పుడు భర్త కళ్ళలో దాన్ని చూస్తే ఇంకోలా ఉంది. చిట్టికి నొప్పి తగ్గించాలని కాదేమో. చిట్టి తన చేతి మీదుగా దెబ్బ తిని, తన కళ్ళముందే తనను క్షమించేస్తే, అక్కడితో తన బరువు దిగిపోతుందని. అంత తెలివి తనలో ఉందా? ఉంది. ఇన్నేళ్ళుగా ఎదుటివాళ్ళ మనసులు చదవడమే ఉద్యోగం. తన మనసును మాత్రం ఏ పొద్దునా ఆ కుర్చీలో కూర్చోబెట్టలేదు.

"నాతో ఆటాడించావు ఇన్నాళ్ళూ. నేనూ వెధవలా ఆడాను. నువ్వు సాగనంపినవాళ్ళందరికీ అన్నలున్నారు కదా, నాకు తట్టనే లేదు" అని మాస్టారు లోపలికి వెళ్ళిపోయాడు.

అత్తగారు బఠానీల గిన్నె పక్కకు జరిపారు. చాలాసేపు కోడలి వైపు చూశారు.

"నీ తప్పెంతో నాకు తెలీదమ్మా. చట్టాలూ అవీ నాకెక్కవు. ఒక్కటి అడుగుతాను. ఏడుపొస్తే ఏడువు, మాట రాకపోతే మానెయ్. దాని దగ్గర ఆ ఆఫీసు గొంతు మాత్రం తీయకు."

"తీయనత్తయ్యా" అందామె.

ఆఫీసులో ఆ గది చిన్నది. ఒక గుండ్రటి బల్ల, మూడు కుర్చీలు, బయటివాళ్ళకు కనపడకుండా గాజు మీద అంటించిన తెల్లకాగితం. న్యాయ విభాగం నుంచి వచ్చినావిడ పెన్ను పట్టుకుని ముందే కూర్చుని ఉంది.

"ఆమోదించిన మాటలే చెప్పండి మేడమ్. క్షమించండి, సారీ లాంటివి వద్దు. తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. బంధుత్వం ఉందని విన్నాను, అందుకే మళ్ళీ చెబుతున్నాను."

ఆమె తల ఊపింది. కుర్చీ సర్దింది. గ్లాసులో నీళ్ళు పోసి ఎదుటి కుర్చీకి ఎడమచేతి పక్కన పెట్టింది. చేతులు వాటంతటవే చేసేశాయి.

చిట్టి తలుపు తోసుకుని వచ్చింది. నుదుటి మీద భూతద్దం పట్టీ నొక్కిన గీత ఎర్రగా ఉంది.

"ఏంటి వదినా, స్పూను..." అంటూ ఆగిపోయింది.

ఆమె చూపు వదిన మొహం మీదికి రాలేదు. పెన్ను పట్టుకున్నావిడ మీదికీ పోలేదు. గ్లాసు మీద నిలిచింది. గోడవతల గదిలో పడుకుని ఎన్ని పొద్దుల్లో విందో ఆ సాధనంతా. ముందు గ్లాసు, తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు, తర్వాత ఆ మాట.

"ఓ" అంది చిట్టి. అంతే.

కూర్చుంది. వదిన నోరు తెరిచింది. మాట రాకూడదని, గొంతు పూడుకుపోవాలని, కనీసం ఒక అక్షరమైనా తడబడాలని ఆమె లోలోపల ఎవరినో వేడుకుంది.

"ఇది మీ పనితనం గురించి కాదు" అంది. గొంతు వణకలేదు. నున్నగా, చదునుగా, ఎక్కడా గరుకు లేకుండా వచ్చింది. "మీ కాంట్రాక్టు గడువును సంస్థ ముందుగా ముగిస్తోంది. నోటీసు కాలానికి మీకు రావలసినవన్నీ అందుతాయి."

తన గొంతును తనే దూరం నుంచి విన్నది. ఎవరో చాలా మర్యాదస్తురాలు మాట్లాడుతోంది. ఆ మర్యాదస్తురాలిని ఆపడానికి లోపల ఎవరూ లేరు. అప్పుడు ఆమెకు నిజంగా భయం వేసింది.

చిట్టి నీళ్ళు తాగింది. గ్లాసు ఖాళీ చేసి, ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది.

"ఇప్పుడు నేను అడగాలి కదూ, పరీక్షశాలవాళ్ళది ఇంకా ఖాళీ ఉందా అని" అంది మెల్లగా. "లేదులెండి మేడమ్. పోయిన వారమే కనుక్కున్నాను, ఊరికే. ఎవర్నో పెట్టేసుకున్నారు."

పెన్నుగలావిడ రాసుకోలేదు. బల్ల వైపు చూస్తూ కూర్చుంది.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి వీధిలో దీపాలు ఇంకా వెలగలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ చాలాసేపు నిలబడింది. డబ్బా బరువుగా ఉంది. తిననేలేదు. స్పూను లోపల కదిలి చప్పుడైంది.

భోజనాల గదిలో ముగ్గురూ ఉన్నారు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అత్తగారు కూతురి వీపు మీద చెయ్యి వేసి ఉన్నారు. చిట్టి తల ఎత్తింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి.

"రండి మేడమ్" అంది.

ఎవరూ నవ్వలేదు.

"చిట్టీ..."

"ఆ గొంతుతో ఎలా చెప్పావు వదినా? నేను ఏడుస్తానని కాదు, నువ్వు ఏడుస్తావని అనుకున్నా. లోపలికి వస్తూనే గ్లాసు చూసి, అయ్యో ఇది ఎలా చెబుతుందో పాపం అనుకున్నా. నీకోసమే నీళ్ళు మిగల్చాలనుకున్నా తెలుసా? నువ్వు మొదలుపెట్టాక మొత్తం తాగేశా."

వదిన గోడకు ఆనుకుంది. ఆఫీసు గదిలో చెప్పకూడనిది, ఆమోదించిన మాటల్లో లేనిది, పొద్దుటి నుంచి దాచుకున్నది బయటికి వచ్చింది.

"క్షమించు చిట్టీ. ఆ ఉద్యోగం మానిపించింది నేను. తప్పు చట్టానిదని నాకు నేను చెప్పుకున్నాను. మారింది చట్టమే, కానీ నమ్మింది నేను. నిన్ను నమ్మించిందీ నేనే."

ఆ గొంతు ఆ ఇంట్లో ఇంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. చిరిగిన గుడ్డలా ఉంది. అత్తగారు లేచి వచ్చి కోడలి భుజం పట్టుకున్నారు. మాస్టారు కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగాడు, కానీ దగ్గరికి రాలేదు.

"ఇప్పుడే క్షమించలేను" అంది చిట్టి. "అబద్ధం చెప్పను నీకు. రేపు పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలీదు నాకు. మళ్ళీ ఆ గది తలుపు వేసుకుంటానేమోనని భయంగా ఉంది."

చిట్టి కళ్ళు ఒత్తుకుంది.

"రేపు ఎవరికి చెప్పాలి?" అంది చిట్టి ఉన్నట్టుండి.

వదిన చెప్పకూడదు. చెప్పింది. "నీ పక్క కుర్చీ అమ్మాయికి."

చిట్టి కళ్ళు మూసుకుంది. ఆ వాగుడుకాయ స్నేహితురాలు. తర్వాత లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఉద్యోగి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అది గ్లాసు ముట్టుకోదు. నీ చెయ్యి పట్టుకుంటుంది. పట్టుకుంటే లాక్కోకు. అన్నయ్యకు అది రాదు, వాడు మగవాళ్ళనే బాగా చేస్తాడు." ముక్కు తుడుచుకుని చెయ్యి బల్ల మీద చాపింది. "నేను చేస్తాను. చెప్పు."

వదిన ఎదుటి కుర్చీలో కూర్చుంది. చిట్టి చెయ్యి వచ్చి ఆమె చేతిని పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆమె నోరు తెరిచింది. ఆఫీసు గొంతు కోసం వెతికింది, లేదు. ఇంటి గొంతు కోసం వెతికింది, అదీ లేదు.

"చెప్పు వదినా" అంది చిట్టి, ఏడుస్తూనే. "దానికైనా సరిగ్గా చెప్పు."