నాన్నగారి బదులు నడిచిన అబ్బాయి

ఇలా రండర్రా, కాస్త దగ్గరగా జరగండి. ఆ ఫోన్లు పక్కన పెట్టండి. మన సత్యశ్రీ పెళ్ళి ఎలా కుదిరిందో చెబుతాను. రాజమండ్రి ఆసుపత్రిలో ఓ పెద్దాయనకి గ్యాస్ పోయిందా లేదా అన్న మాట దగ్గర మొదలైందది. నవ్వకండి, ముందు వినండి.

సత్యశ్రీ నర్సు చదువుకుంది కదా. అక్కడ పెద్దపేగు ఆపరేషన్లు చేసే డాక్టరు గారు ఓ పరిశోధన పెట్టుకున్నారు. ఆపరేషనైన సాయంత్రమే మనిషిని కూర్చోబెట్టి నీళ్ళు పట్టించి, మర్నాడు మెత్తటి ఇడ్లీ పెట్టి, వరండాలో నడిపించి, పూటపూటా చూయింగ్ గమ్ నమిలిస్తే పేగు తొందరగా మేలుకుంటుందా అని. గ్యాస్ పోయిందంటే పేగు మేలుకున్నట్టే. రోగి ఏం తిన్నాడో, ఎన్నడుగులు వేశాడో రాసుకోవడం సత్యశ్రీ పని. అడుగులు లెక్కపెట్టే వాచీ రోగి చేతికి తనే కట్టేది.

మండపేటలో బట్టల కొట్టున్న వెంకటసుబ్బారావు గారికి పేగులో గడ్డ తీశారు. మర్నాడు పొద్దున్నే మంచం చుట్టూ చుట్టాలు. సత్యశ్రీ ఫైలు పట్టుకుని వచ్చి, "గ్యాస్ పోయిందా అండీ?" అంది.

కొడుకు సుమంత్ లేచాడు. "ఏంటండీ, మా మేనత్తల ముందా ఆ మాట?"

"వాళ్ళు వెళ్ళేదాకా అది ఆగుతుందేంటండీ?"

"కాస్త నెమ్మదిగా అడగొచ్చుగా."

"నెమ్మదిగా అడిగితే మీ నాన్నగారికి వినబడదు. నిన్న చూశాను."

"ఇంకా లేదమ్మా" అన్నారు పెద్దాయన దిండు మీద నుంచి. మేనత్తలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సుమంత్‌కీ నవ్వొచ్చింది గానీ బిగబట్టాడు. సత్యశ్రీ చూసింది. చూడనట్టు ఫైల్లో రాసుకుంది.

అప్పటికి సత్యశ్రీకి తెలియనిదొకటి మీకు చెబుతాను. సుమంత్ వాళ్ళమ్మ కన్యకాపరమేశ్వరి గారికి పత్యం పట్టింపు ఎక్కువ. వాళ్ళింట్లో ఏ జబ్బు చేసినా ముందు కడుపు మాడ్చి, ఆ తర్వాతే ముద్ద పెడతారు. కోసిన పేగులో ఇడ్లీ పడితే కుట్లు ఊడతాయని ఆవిడ భయం. పళ్ళెం వస్తే మంచం కిందికి తోసేసేది. ఆయన్ని కాలు కింద పెట్టనిచ్చేది కాదు.

మరి తినలేదంటే సత్యశ్రీ మొహం చిన్నబోతుంది కదా. అందుకని సుమంత్ ఆ ఇడ్లీలు తనే తినేశాడు. సత్యశ్రీ పక్క వార్డుకెళ్ళిన వేళ చూసి వాచీ తన చేతికి పెట్టుకుని, ముసలాయన వేయాల్సినన్ని అడుగులు తనే వేశాడు.

"మీ నాన్నగారు భలే నడుస్తున్నారండీ."

"మీరు చెప్పాక మానతారా?"

బయట వాన పట్టుకుంది. క్యాంటీన్ దాకా ఇద్దరికీ ఒకటే గొడుగు. సుమంత్ సగం తడిసి, "నాకూ ఓ చూయింగ్ గమ్ ఇవ్వరూ" అన్నాడు.

"మీకేం ఆపరేషనైంది?"

"గుండెకి కావాల్సొచ్చేలా ఉందండి."

"అది ఎదర బ్లాకులోనండీ" అంది సత్యశ్రీ. ఆ పూటంతా దాని పెదవి మీద నవ్వు పోలేదు.

మూడో రోజు పొద్దున పెద్దాయన పొట్ట డోలులా బిగిసింది. వాంతులు. డాక్టరు గారు ఫైలు తిరగేశారు. "తింటున్నారు, నడుస్తున్నారు. అయినా ఇలా అయ్యిందంటే కుట్టు దగ్గర కారుతోందేమో. స్కాన్ తీయండి. థియేటర్ సిద్ధం చేయమనండి, మళ్ళీ తెరవాల్సి రావచ్చు."

ఆ ఫైల్లో రాతంతా సత్యశ్రీదే.

"ఆ రాసింది నిజం కాదండి" అన్నాడు సుమంత్. "నాన్నగారు ఒక్క ముద్ద తినలేదు, మంచం దిగలేదు. తిన్నదీ నడిచిందీ నేనండి."

డాక్టరు గారు సత్యశ్రీ వంక చూశారు. నన్ను మోసం చేశాడని సత్యశ్రీ ఒక్క మాటంటే సరిపోయేది. "నేనూ కళ్ళారా చూడలేదండి. చూసినట్టు రాసేశాను" అంది.

స్కాన్‌లో కుట్టు గట్టిగానే ఉంది. కదలక మెదలక పడుకోబెట్టేసరికి పేగు పని మానేసిందంతే. థియేటర్ వద్దన్నారు. ముక్కులో గొట్టం వేసి, మెల్లగా నడిపించమన్నారు. ఈసారి ఒక చెయ్యి సత్యశ్రీ పట్టుకుంది, ఒక చెయ్యి కన్యకాపరమేశ్వరి గారు. రెండు రోజులకి గ్యాస్ పోయింది. ఆ సంగతి వార్డంతటికీ ఆవిడే చెప్పుకొచ్చింది.

సత్యశ్రీ మాత్రం సుమంత్‌తో మాట మానేసింది. వెళ్ళేనాడు ఒక్కటే అంది. "నేను సంతోషపడాలని మీరు చేసిన పనికి, ఆయన పొట్ట రెండోసారి కోసేవాళ్ళు."

"అవునండి" అన్నాడు. ఇంకేమీ సర్దిచెప్పుకోలేదు.

పరిశోధనలోంచి పెద్దాయన పేరు కొట్టేశారు. నెల తిరిగాక ఎలా ఉన్నారని వెళ్ళి అడగాల్సిన వాళ్ళలో ఆయన లేరు. అయినా సత్యశ్రీ మండపేట బస్సెక్కింది. పెద్దాయన కొట్లో తానులు విప్పి చూపిస్తున్నారు.

"పేరు కొట్టేశారు కదండీ" అన్నాడు సుమంత్.

"పేరే కదండీ కొట్టేసింది. మనిషెలా ఉన్నారో చూసి పోదామని."

అతను చేతిలో కొలబద్ద పక్కన పెట్టాడు. "మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుందండి."

"మీ అమ్మగారికి చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

నెల కిందటి సుమంత్ అయితే ఆ పిల్లకి నచ్చే జవాబే ఇచ్చేవాడు. సత్యశ్రీ అతని మొహంలోకే చూస్తోంది.

"ఒప్పుకోలేదండి. మనవాళ్ళ పిల్ల కాదని రెండ్రోజులుగా నాతో మాట్లాడట్లేదు."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది దానికి. "అయితే నాకిష్టమేనండీ. ఒప్పించుకునే పని మీదే."

లోపలి గుమ్మంలో కాఫీ గ్లాసుతో కన్యకాపరమేశ్వరి గారు. ఎంతసేపట్నుంచి నిలబడిందో. "ఏవండీ" అంది భర్తతో. "ఆ ఇడ్లీ పళ్ళేలు దాచింది నేను. వీళ్ళిద్దరూ ఎవరి తప్పు వాళ్ళు డాక్టరు ముందు ఒప్పుకున్నారు. నేనే ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు." గ్లాసు సత్యశ్రీ చేతిలో పెట్టింది. "మీ అమ్మగారి నంబరు చెప్పమ్మా, మాట్లాడతాను."

అదర్రా సంగతి. దీన్ని మీ దగ్గరే ఉంచుకోకండి. మనూళ్ళో ఎవరు ఆపరేషన్‌కి బయల్దేరినా, పక్కన తోడు వెళ్ళేవాళ్ళని కూర్చోబెట్టి సత్యశ్రీ కథ చెప్పండి. తినకపోతే తినలేదనే చెప్పమనండి.