ఆడిట్ నుంచి తప్పుకున్న అమ్మాయి

"మీరు సంతకం పెట్టేస్తే టిఫిన్‌కి వెళ్లిపోదామండి. బస్తాల లెక్క నేను నిన్ననే పూర్తి చేశాను," అన్నాడు యాసిన్.

"మీరు లెక్కపెడితే నేనెలా సంతకం పెడతానండి? నేను లెక్కపెట్టాలి కదా," అంది ఆ అమ్మాయి.

ఏప్రిల్ ఒకటో తారీఖు పొద్దున్నే, దుగ్గిరాల కోల్డ్ స్టోరేజీలో, పసుపు బస్తాల గుట్ట ముందు మొదలైన గొడవ అది.

యాసిన్ బాపట్లలో ఎం.కాం. చదువుతూ, తెనాలిలో తండ్రి హనీఫ్ నడిపే పసుపు వ్యాపారానికి లెక్కలు రాస్తున్నాడు. ఖాతాలు కొడుకు చేతికి వచ్చిన మొదటి సంవత్సరం కావడంతో కుర్రాడి కాళ్లు నేలమీద ఆనడం లేదు. ఆ అమ్మాయి పేరు ఆసియా. సి.ఏ. ఇంటర్ గట్టెక్కి, తెనాలిలో ఆడిటర్ నరసింహారావు గారి దగ్గర శిష్యరికం చేస్తోంది. రోజూ రేపల్లె నుంచి పొద్దుటి రైలుకి వస్తుంది.

"ముందు వరసలో ఎన్నున్నాయో చూసి, ఎన్ని వరసలుంటే అన్నిటితో గుణించుకోండి. ఎం.కాం. కూడా అక్కర్లేదు, ఎక్కాలొస్తే చాలు."

"గుట్ట లోపల బోలుగా ఉంటే?"

"మా నాన్నది ముప్ఫై ఏళ్ల వ్యాపారమండీ! ఆయన్ని అనుమానిస్తున్నారా?"

"మీ నాన్నగారినేం అనుమానించట్లేదండి. గుట్టని అనుమానిస్తున్నాను. ఎక్కి చూడండి."

ఎక్కక తప్పలేదు. పైనుంచి తొంగి చూస్తే గుట్ట నడుమ సందు ఉంది. గాలి ఆడటానికి కోల్డ్ స్టోరేజీ వాళ్లు ఎప్పుడూ వదిలే సందే. వదులుతారని యాసిన్‌కి తెలుసు కూడా. గుణకారం ఉత్సాహంలో మరిచిపోయాడు, అంతే.

"ఏమైనా కనిపించిందాండీ?" కిందనుంచి ఎంతో మర్యాదగా అడిగింది ఆసియా.

"సందండీ," అన్నాడు నీళ్లు నమిలి.

దిగేటప్పుడు కాలు జారింది. చిరిగిన బస్తా ఒకటి తలమీద ఒలికి, తెల్ల చొక్కా కాస్తా పసుపు చొక్కా అయిపోయింది. పక్కనే బస్తాలు కుడుతున్న కాంతమ్మ, "పెళ్లికొడుకుని చేసేశారు బాబూ నిన్ను! పిల్లేదీ?" అంది. ఆసియా చటుక్కున ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. యాసిన్‌కి ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లి రెండుసార్లు తలంటుకున్నా ఆ నవ్వు మాత్రం వదల్లేదు.

జూన్ నుంచి ఆసియా తెనాలి కొట్టుకి రావడం మొదలైంది. ఈ ఏడు హనీఫ్ గారి ఆడిట్ మొత్తం నరసింహారావు గారు ఆమెకే వదిలేశారు. సొంతంగా చూస్తున్న మొదటి ఆడిట్ కాబట్టి పట్టుదల ఎక్కువ. ఓచరు చూసి ఖాతాలో ఆకుపచ్చ సిరాతో టిక్కు పెట్టేది. ఓచర్లు అందించే పని యాసిన్ తీసుకున్నాడు.

"అందివ్వడానికి గుమాస్తా ఉన్నాడు కదరా," అన్నాడు హనీఫ్.

"ఆయనకి ఏది ఎక్కడుందో తెలీదు నాన్నా," అన్నాడు యాసిన్, పదిహేనేళ్లుగా అవి సర్దుతున్న గుమాస్తా ఎదురుగానే.

"ఈ ఆటో బాడుగకి రసీదేదండీ?" ఆసియా అడిగేది.

"ఆటోవాళ్లు రసీదులిస్తారేంటండీ? చిల్లర తిరిగిస్తేనే గొప్ప."

"రసీదు లేకపోతే నేను నమ్మను."

"మనుషుల్ని అసలు నమ్మరా మీరు?"

"ఆఫీసు టైములో నమ్మనండి."

యాసిన్ సి.ఎం.ఏ. ఇంటర్ కూడా రాస్తున్నాడు. కాస్టింగ్ పేపరు ఒకసారి పోయింది. అది తెలిసిన దగ్గర్నుంచి భోజనాల వేళ ఆసియా పాఠం చెప్పడం, కొట్లో అందరూ నోరు మూసుకుని అన్నం తినడం అలవాటైంది.

"ఇది పాసై ఏం చేస్తారు? ఇదే కుర్చీలో కూర్చుంటారా?"

"లేదండి. పెద్ద ఫ్యాక్టరీలో కాస్ట్ అకౌంటెంటుని అవుతా. మీరు?"

"రేపల్లెలో నా పేరు మీద ఆడిటర్ బోర్డు. స్టేషన్ దాటి బయటికి రాగానే కనిపించాలి."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె అన్నం కలపడం మరిచిపోయింది. ఇటు యాసిన్ తినడమే మరిచిపోయాడు. ఆ అమ్మాయి మీద తనకి ఎంత ఇష్టం పెరిగిందో అతనికి అప్పుడే స్పష్టంగా తెలిసింది.

జులై చివర్లో ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. కబుర్లలో పడి ఆసియాకి రైలు తప్పిపోయింది. యాసిన్ గొడుగు పట్టుకుని బస్టాండు దాకా దిగబెట్టాడు. గొడుగు మొత్తం ఆమె వైపే వాలడంతో తను మాత్రం నిలువునా తడిసిపోయాడు. జలుబు చేసినా ఆనందంగానే తుమ్మాడు.

మర్నాడు ఆసియా రాలేదు. ఆమెతోపాటు శిష్యరికం చేస్తున్న లిఖిత వచ్చింది.

"ఆసియా ఇంక ఈ ఆడిట్ చూడదండి. తనే తప్పుకుంది. బాపట్ల అవతల, కర్లపాలెం రైసుమిల్లుకి మార్చారు."

"ఎందుకు తప్పుకుంది?"

"సార్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదండి."

యాసిన్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆమె తీయలేదు.

ఇంతలో దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డులో గుసగుసలు మొదలయ్యాయి. ఆడిటర్ పిల్ల హనీఫ్ ఖాతాలు మధ్యలో వదిలేసి పోయిందంట, నిప్పు లేందే పొగ రాదు కదా అని. మాట మీద సరుకిచ్చే రైతులు కూడా ఆరా తీశారు. హనీఫ్‌కి ముద్ద దిగలేదు. కొడుకుని వెంటబెట్టుకుని ఆడిటర్ గారి ఆఫీసుకి వెళ్లాడు.

"మీ ఖాతాలు శుభ్రంగా ఉన్నాయి హనీఫ్ గారూ," అన్నారు నరసింహారావు. "అమ్మాయి కారణం చెప్పింది, నాకు సబబనిపించింది. అయితే ఆ కారణం చెప్పాల్సింది నేను కాదు." అని కళ్లజోడు పైనుంచి యాసిన్‌ని చూశారు.

ఆ చూపుతో యాసిన్ ప్రాణం చచ్చిపోయింది. గొడుగు కింద మరీ దగ్గరగా నడిచానని తన మీద ఫిర్యాదు చేసి ఉంటుందనుకున్నాడు. తన వల్ల ఆమె మొదటి ఆడిట్ పోయింది, తండ్రి పరువూ పోయింది. ఆమె ఇక మొహం చూడదు. అన్నిటికంటే ఆ చివరి మాటే అతనికి భరించరానిదయ్యింది.

"ఏమైనా పిచ్చివేషాలు వేశావేంట్రా?" దారిలో అడిగాడు హనీఫ్.

"లేదు నాన్నా," అన్నాడు, తనకే నమ్మకం లేని గొంతుతో.

ఆగస్టులో బాపట్లలో సెమిస్టర్ పరీక్షలు. చివరిది ఆడిటింగ్ పేపరు. ఆడిట్ బృందంలోని వ్యక్తి ఏయే సందర్భాల్లో తప్పుకోవాలో రాయమన్నారు. యాసిన్ గబగబా అందుకున్నాడు. క్లయింటు వ్యాపారంలో వాటా ఉంటే. అప్పులు ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటే. చుట్టరికం ఉంటే. క్లయింటు మనుషుల మీద అభిమానం పెరిగి, ఆధారం అడక్కుండా వాళ్ల మాట నమ్మే పరిస్థితి వస్తే...

పెన్ను ఆగిపోయింది. బట్టీ పట్టింది తనే, పేజీలు పేజీలు రాయగలిగేదీ తనే, ఇన్నాళ్లూ తట్టనిదీ తనకే.

"ఓరి దద్దమ్మా!" అన్నాడు పైకే.

"ఎవర్నయ్యా?" ఇన్విజిలేటర్ లేచి వచ్చాడు.

"నన్నేనండి," అని పేపరు ఆయన చేతిలో పెట్టి బయటపడ్డాడు.

బాపట్ల స్టేషన్ చేరేసరికి వాన అందుకుంది. కర్లపాలెం వెళ్లిన మనిషి తెనాలి రావాలంటే సాయంత్రం ఇక్కడే రైలెక్కాలి. ఎదురుచూడగా చూడగా ఆసియా వచ్చింది. అతన్ని చూసి ఒక్క క్షణం ఆగి, నిన్ననే కలిసినట్టు అడిగింది.

"పరీక్ష ఎలా రాశారు?"

"ఒక ప్రశ్నకి సగమే రాశానండి. ఆడిట్ నుంచి ఎప్పుడు తప్పుకోవాలని. మా కొట్లో మీకు వాటా లేదు, ఇచ్చిపుచ్చుకోవడాల్లేవు, చుట్టరికం లేదు. ఇంక మిగిలిన కారణం మీరే చెప్పాలి."

ఆసియా వానవైపు తిరిగింది.

"ఆ వాన రోజు హమాలీ కూలీ ఓచరు అడిగాను. ఉందండీ, రేపు తీసిస్తా అన్నారు మీరు. నేను టిక్కు పెట్టేశాను, చూడకుండానే. బస్సెక్కాక గుర్తొచ్చి భయమేసింది యాసిన్ గారూ. మా అమ్మ చెప్పినా కాగితం చూపించమనేదాన్ని. మీరు చెబితే అడగలేదు."

"ఆ ఓచరు నిజంగానే ఉందండీ!"

"లిఖిత చూసిందట. ఉన్నా సరే, నేను చూడకపోవడం తప్పే కదా. సార్ కారణం అడిగితే దాచలేదు. మీతో అనాల్సిన మాట ముందు ఆయనతో అనాల్సి వచ్చింది. అందుకు మాత్రం సారీ."

"ఏం మాటండీ?"

"ఇంకా తెలీలేదా?"

"తెలిసింది. అయినా మీ నోట వినాలనుంది."

"మీరంటే ఇష్టమని. చాలా? మీ గొంతు వింటే మళ్లీ కొట్టుకి వచ్చేస్తానని ఫోన్ తీయలేదు. మా అమ్మకి కూడా చెప్పాను. సార్ రిపోర్టు మీద సంతకం పెట్టేదాకా మీ గడప తొక్కొద్దంది. ఆ తర్వాత మీ వాళ్లని రేపల్లె రమ్మంది."

యాసిన్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు ఏప్రిల్ నుంచే ఇష్టమండి. మీ మొదటి ఆడిట్ నా వల్ల పోయింది."

"పోలేదు. సరిగ్గానే చేశాను," అంది ఆసియా.

సరిగ్గా అప్పుడే హనీఫ్ ఫోన్ చేశాడు. "ఎలా రాశావురా?"

"నాన్నా, ఆసియా గారు ఇక్కడే ఉన్నారు. ఖాతాల్లో తప్పేం లేదు. అసలు సంగతి..."

"తెలుస్తోందిలే నీ గొంతులో. ఫోన్ ఆ అమ్మాయికివ్వు."

యాసిన్ స్పీకరు ఆన్ చేసి ఇచ్చాడు.

"అమ్మా, యార్డులో నాకు మాటే పెట్టుబడి. ఆ పిల్ల ఎందుకు పోయింది హనీఫ్ భాయ్ అని ప్రతివాడూ అడుగుతున్నాడు. నేను తల ఎత్తుకోలేకపోతున్నాను. నిన్ను ఒక్కటే అడుగుతా. ఆ కారణం నలుగురికీ చెప్పొచ్చా, చెప్పకూడదా?"

యార్డులో చెప్పిన మాట పొద్దు గూకేలోగా రేపల్లె చేరుతుంది. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం ఉండదు. ఆసియా యాసిన్ మొహంలోకి చూసింది.

"చెప్పండి, మామయ్యా."

ఇన్నాళ్లూ ఆయన్ని సార్ అనే పిలిచింది. అవతల హనీఫ్ గుమాస్తాని కేకేయడం ప్లాట్‌ఫారం మీదివాళ్లకి కూడా వినపడింది.

"స్కూటర్ తియ్యవయ్యా! యార్డు మూసేలోగా దుగ్గిరాల వెళ్లాలి! వానైతే ఏంటి, తడుద్దాం పద!"