లియోన్‌లో రెండే

పలకరింపుగా రెండోసారి బుగ్గకు బుగ్గ ఆనించి తిబో వెనక్కి జరిగాడు. సోలెన్ ముఖం మాత్రం మూడోదాని కోసం ముందుకు వచ్చి, గాలిలోనే ఆగిపోయింది.

చర్చి మెట్ల మీది పావురాలు తప్ప ఎవరూ చూడలేదు. అయినా ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"మా అవిన్యోన్‌లో మూడు," అంది.

"లియోన్‌లో రెండేనండి."

"మిగతాది దాచుకుంటారా?"

"రెండింటికే మనిషి తెలిసిపోతాడు."

"తెలిసింది లెండి."

పాత ఊరంతా తిప్పి చూపిస్తానని పిలిచింది స్నేహితురాలు క్లెమాన్స్. తీరా పొద్దున జ్వరమంటూ తన అన్న తిబోను పంపింది. సాయంత్రం ఆరున్నర రైలు దాకా ఈ మనిషితోనే తిరగాలి.

పాత లియోన్ వాళ్ళు వీధి చివరిదాకా నడిచి మలుపు తిరగరు. ఏదో ఒక తలుపు తోసి, ఎవరో ఒకరి ఇంటి కింది చీకటి దారిలో దూరి, ముంగిలి దాటి వెనక వీధిలో తేలతారు. లోపల కాపురాలుంటాయి కనక గొంతు పెంచకూడదు. దాంతో వీళ్ళిద్దరి తగువు ప్రతి తలుపు దగ్గరా ఆగి, అవతలి వీధిలో మళ్ళీ మొదలయ్యేది.

"మాకు రెండు నదులు," అన్నాడు తిబో వంతెన మీద.

"రోన్ నది ఇక్కణ్ణుంచి మా ఊరికే వస్తుంది. నీళ్ళు కూడా ఇక్కడ ఉండలేకపోతున్నాయి."

అతను పకపకా నవ్వాడు. ఆ నవ్వు బాగుందని ఆమె ఒప్పుకోదలచుకోలేదు.

మధ్యాహ్నం గులాబీరంగు తీపి టార్ట్ ముక్క చెరిసగం తింటూ ఆమె అసలు సంగతి చెప్పింది. "పాత పుస్తకాలు బాగుచేసి కుట్టే వర్క్‌షాప్ ఒకటుంది ఇక్కడ. అందులో ఉద్యోగం వచ్చింది. చేరతానో లేదో ఈ సాయంత్రం ఆరులోగా చెప్పాలి. అందుకే ఊరు చూడటానికి వచ్చాను."

తిబో చేతిలో ఫోర్క్ ఆగింది. "పొద్దున్నే చెప్పాల్సింది కదండీ."

"చెబితే ఏం చేసేవారు?"

"మూడోది కూడా ఇచ్చేవాణ్ణి."

ఆమె కాఫీ కప్పు వెనక నవ్వు దాచుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "ఊరు అందంగానే ఉంది. కానీ క్లెమాన్స్ తప్ప నాకెవరూ తెలీదు. నేను ముందుకొస్తే వెనక్కి జరిగే ఊరేమోనని భయం."

అతను టార్ట్‌లో తన సగం కూడా ఆమె వైపు జరిపాడు.

మూడింటికి వాన పట్టుకుంది. ఇద్దరూ పరుగెత్తి దొరికిన తలుపు తోశారు. లోపల చిన్న ముంగిలి, మెలికలు తిరిగిన మెట్లు. పైన చదరపు ఆకాశం నుంచి వాన దారాలుగా దిగుతోంది. ఆమె జుట్టు నుంచి నీళ్ళు అతని చొక్కా చేతి మీద పడుతున్నాయి. ఇద్దరూ జరగలేదు.

"ఉండిపో," అన్నాడు తిబో గుసగుసగా.

'మీరు' ఎక్కడ జారిపోయిందో ఇద్దరికీ తెలీలేదు.

"ఏమన్నావు? వినపడలేదు."

"ఇక్కడ గట్టిగా అనకూడదు."

"అయితే ఎలా?"

రెండో అంతస్తు కిటికీ తెరుచుకుంది. తెల్లజుట్టు ముసలావిడ వంగి చూసింది. "ఆ పిల్లకి వినపడిందిలే నాయనా. నాకే వినపడింది. ఇక గట్టిగా అనకు, మా ఆయన పడుకున్నాడు."

కిటికీ మూసుకుంది. నవ్వు ఆపుకోలేక ఇద్దరూ నోళ్ళు మూసుకుని వానలోకి పరుగుతీశారు.

ఆరుకు పది నిమిషాలుండగా, స్టేషన్ అద్దాల గోడ అవతల నిలబడి ఆమె ఫోన్ చేసింది. తిబోకి ఆమె వీపు మాత్రమే కనిపించింది. తల ఊపింది. అవునన్నట్టా, కాదన్నట్టా? ఆమె తిరిగొచ్చి వాతావరణం గురించి మాట్లాడింది. అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

రైలు వచ్చింది. తిబో ఊపిరి బిగబట్టి, బుగ్గకు బుగ్గ ఆనిస్తూ ఒకటి, రెండు లెక్కపెట్టుకుని, మూడోదానికి ముఖం ముందుకు తెచ్చాడు.

సోలెన్ వెనక్కి జరిగింది. ఈసారి అతని ముఖం గాలిలో ఆగిపోయింది.

"ఇక్కడ రెండే కదా," అంది. "సెప్టెంబర్ నుంచి ఈ ఊరి మనిషిని. అలవాటు చేసుకోవద్దూ?"

అతనికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత ముఖమంతా వెలిగింది.

"మరి మూడోది?"

"అది మా ఊరిది. కావాలంటే అవిన్యోన్ రావాలి." రైలెక్కి గుమ్మంలో నిలబడింది.

తలుపు మూతపడే గంట మోగింది. తిబో గడియారం కేసి చూడలేదు. ఒక్క గెంతులో లోపలున్నాడు.

"టికెట్ లేదు కదా నీకు," అంది సోలెన్, అతని తడి చొక్కా చెయ్యి పట్టుకుని.

"లోపల కొంటాను. ఎందుకెక్కావని అడిగితే నువ్వే చెప్పు."