ముందు నీళ్లు తాగిన అతిథి

"షాకిర్ బేని చంపబోతున్నారు. సఫ్రాన్‌బొలూలో. ఎలాగో తెలీదు."

అంకారా గూఢచారి ఆఫీసులో చీఫ్ ఫైలు మూసి, ముఖ్లిస్ వైపు చూశాడు.

"రాడార్ ఇంజినీరు షాకిర్ బేనా? చంపేదెవరు సార్?"

"విదేశీ ముఠా మనిషి. పేరు తారిక్ అంటున్నాడు. చిన్నప్పుడే జర్మనీ వెళ్లిపోయిన మేనల్లుణ్ణని చెప్పి నెబియే హానుమ్ అనే ముసలావిడ ఇంట్లో దిగాడు. షాకిర్ బే ప్రతి శుక్రవారం ఆ ఇంటికి కాఫీకి వెళ్తాడు. తారిక్‌కి కాబోయే భార్యగా నటిస్తున్నది మన బెల్కిస్. ఆమె తమ మనిషేనని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం చెదిరితే ఆమె శవం కూడా మనకి దొరకదు. కాబట్టి అరవకు, కాల్చకు. ఇంజినీరు బతకాలి, అమ్మాయి గుట్టు నిలవాలి."

"మరి నేను?"

"నువ్వూ బతికితే మంచిదే."

శుక్రవారం మధ్యాహ్నం ముఖ్లిస్ పాత ఇళ్ల కొలతలు తీసే సర్వే గుమస్తాగా సఫ్రాన్‌బొలూ కొండ ఎక్కాడు. చేతిలో మీటరు టేపు. టేపు డబ్బాలో మీట నొక్కితే బయటికొచ్చే మత్తుసూది. రాళ్లు పరిచిన సందుకి రెండువైపులా తెల్లగోడల ఇళ్లు, ఒకదాని ఎండకి మరొకటి అడ్డం రాకుండా మెట్లుమెట్లుగా కూర్చుని ఉన్నాయి. ఏ కిటికీ చూసినా తననే చూస్తున్నట్టుంది. ఇన్నేళ్లలో ఎంతమంది వేషం కట్టాడో, పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో మొహం ఎవరిదో ఒక్క క్షణం తట్టదు. తన మనసూ ఇలాంటి ఇల్లేననిపించింది. నిండా కిటికీలే, లోపల మనిషి లేడు.

"కొలిచింది చాల్లే నాయనా, వచ్చి కూర్చో," అంది నెబియే హానుమ్. "గోడలెక్కడికీ పారిపోవు. మా ఆయన కొట్టించిన మేకులే ఇంకా ఊడలేదు."

మగవాళ్ల గదిలో గోడ వెంట దివాను మీద షాకిర్ బే అప్పటికే కూర్చుని ఉన్నాడు. నెరిసిన మీసం, వదులు కోటు. ఆయన పక్కన తారిక్. ముఖ్లిస్ చెప్పులు గుమ్మంలో విడిచి తారిక్‌కి అవతలి పక్కన కూర్చున్నాడు. తారిక్ కోటు ఎడమవైపు కాస్త బరువుగా వేలాడుతోంది.

"కోడలు చేతి కాఫీ," అంది ముసలమ్మ మురిపెంగా. "మా తమ్ముడే ఉండుంటే ఎంత సంబరపడేవాడో."

"నీ చేతి కాఫీ ముందు ఏదైనా దిగదుడుపే అత్తయ్యా," అన్నాడు తారిక్. ముఖ్లిస్ కొలతలు తీస్తున్నంతసేపూ వంటగది గుమ్మంలో కాపలా ఉండి, ఇప్పుడే వచ్చి కూర్చున్నాడతను.

గోడలోని తిరిగే అలమార కిర్రుమంది. ఆడవాళ్ల వంటగదిలో పెట్టిన పళ్లెం, ఇటు తిప్పితే మగవాళ్ల గదిలోకి వస్తుంది. పెట్టిన చేయి కనిపించదు. కాఫీ కప్పులు, ఒక్కో కప్పు పక్కన నీళ్ల గ్లాసు, మధ్యలో లోకుం మిఠాయి గిన్నె.

బెల్కిస్‌తో ఒప్పందం చిన్నది. గులాబీ లోకుం వస్తే భయం లేదు. కుంకుమపువ్వు లోకుం వస్తే పెద్దాయన కప్పులో విషం.

గిన్నెలో లోకుం పసుప్పచ్చగా మెరుస్తోంది.

తారిక్ కళ్లెదుటే బెల్కిస్ కలపాల్సి వచ్చి ఉంటుంది, తప్పించుకునే దారి లేక. మొదటి కప్పు పెద్దవాడికే. నెబియే హానుమ్ దాన్ని షాకిర్ బేకి అందించింది. ఆయన వాసన చూసి కళ్లు అరమోడ్చాడు.

కప్పు తట్టేస్తే? విషయం తెలిసిపోయిందని తారిక్‌కి అర్థమవుతుంది. తెలిపింది ఎవరో కూడా. కప్పు పెదవుల దాకా లేస్తోంది. చిత్రంగా ఆ క్షణంలో ముఖ్లిస్‌కి గుర్తొచ్చింది శిక్షణ కాదు, నాయనమ్మ. ఇంటికొచ్చినవాడి చేయి ముందు కాఫీ వైపు వెళ్తుందా, నీళ్ల వైపు వెళ్తుందా అని ఓరకంట చూస్తూ గుమ్మంలో నిలబడేదావిడ.

అతను కాఫీ ముట్టుకోలేదు. నీళ్ల గ్లాసెత్తి గటగటా తాగేశాడు.

నెబియే హానుమ్ మొహం మారిపోయింది. "అయ్యో నా మతి మండ. ఆకలితో వచ్చావా నాయనా? ముందు నీళ్లు తాగితే ఆకలన్నట్టేగా, ఆ మాట నోటితో ఎందుకు చెబుతావులే. షాకిర్ బే, ఆ కప్పు దించు. ఆకలిగా ఉన్నవాడి ఎదురుగా మనం కాఫీ చప్పరిస్తామా?"

"తప్పు తప్పు," అంటూ ఆయన తాకీ తాకని కప్పుని పళ్లెంలో పెట్టేశాడు.

"తాగండి బే, చల్లారిపోతుంది," అన్నాడు తారిక్. గొంతు కొంచెం పైకి లేచింది. "ఈయనేదో నీళ్లు తాగితే మనకేంటి?"

ముసలమ్మ అతన్ని చాలాసేపు చూసింది.

"మా తమ్ముడు పసివాడిగా ఉన్నప్పుడు బొమ్మ కాఫీతో ఆడుతూ కూడా నీళ్లెవరు ముందు తాగారో చూసేవాడు," అంది నెమ్మదిగా. "ఎక్కడ పెరిగినా ఆ ఇంటి బిడ్డకి ఇది తెలియకపోవడమేంటి? నువ్వెవరబ్బాయివి?"

తారిక్ చేయి కోటులోకి జారింది. ముఖ్లిస్ టేపు డబ్బా అతని తొడకి ఆనించి మీట నొక్కాడు. చేయి కోటులోనే ఆగిపోయింది. తల ముఖ్లిస్ భుజం మీదకి వాలింది, అలిసిపోయి నిద్రపోయిన తమ్ముడి తలలాగా.

"ప్రయాణాల బడలిక పిన్నిగారూ. కింద మా సర్వే జీపుంది, డాక్టర్ దగ్గరికి పంపిస్తాను."

బెల్కిస్ నోట ముఠా వాళ్లకి అందే కబురు కూడా అంతే: తారిక్‌కి కళ్లు తిరిగాయి, అది చూసి ఎవరూ కాఫీ తాగలేదు. అలమార మళ్లీ కిర్రుమని తిరిగి, విషపు పళ్లెం వంటగదిలోకి వెళ్లిపోయింది. గోడ అవతల ఎవరో సన్నగా ఊపిరి వదలడం వినిపించింది.

జీపు వాళ్లు తారిక్‌ని మోసుకెళ్లాక కూడా నెబియే హానుమ్ చాలాసేపు గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయింది. "నిన్న రాత్రి వాడి తల నిమిరాను," అంది, ఎవరితోనో తెలియకుండా. తర్వాత తలగుడ్డ చివరతో కళ్లు తుడుచుకుని, చేతులు కడుక్కుని, ముఖ్లిస్ ముందు పెద్ద పళ్లెం పెట్టింది.

కొండెక్కేముందే అతను బజారులో మాంసం పులావు కడుపు నిండా తినొచ్చాడు. మూడోసారి వడ్డనకి చేయి అడ్డం పెట్టాడు.

"మొహమాటపడకు. నీళ్లు ఎలా తాగావో చూశానుగా," అంది నెబియే హానుమ్, ఆ చేతిని పక్కకి తోసేస్తూ.

చంపడానికొచ్చినవాడి నుంచి తప్పించుకునే మార్గాలు ఇరవై నేర్పించారు ముఖ్లిస్‌కి. ఇందులోంచి బయటపడే మార్గం మాత్రం ఒక్కటీ నేర్పలేదు.