ఎర్ర పోగు పోయిన దారి

మా తాత బండ మీద చెవి పెట్టి, కింద ఎన్ని గజాల లోతున నీళ్లున్నయో చెప్పేటోడు. ఆ రక్తమే నాది. చౌటుప్పల్ చుట్టుపక్కల ఊర్లన్నిట్ల ఎండకాలం నల్లాలు దగ్గుతుంటే, మా ఇంటి మీది ట్యాంకి మాత్రం పొర్లిపోయేది. నీళ్ల సంగతిల నన్ను తప్పుపట్టే మనిషి ఇంకా పుట్టలేదు. అందుకే ఈ కథ నేను చెప్తేనే అందం.

పోయినేడు ఏప్రిల్ నెల, ఒక శనివారం పొద్దున. నల్లగొండల జిరాక్సు దుకాణం మీది గదిలకు ఒకాయన ఉరికొచ్చిండు. మోచేతుల దాక ఎరుపు. గుమ్మం కాడ కూసున్న భిక్షం లేచి గోడకు అతుక్కున్నడు. ముప్పై ఏండ్లు ఆర్టీసీల కండక్టరు చేసిన మనిషి, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్ రోజారమణికి అసిస్టెంటు.

"మేడం! నెత్తురు!"

"రంగు," అన్నది రోజారమణి, పేపర్ల నుంచి తల సగమే ఎత్తి. "నెత్తురైతే ఈపాటికి నల్లబడేది. గోర్ల సందుల నీలి గూడ ఉంది. చేనేతాయన. కూసోండి."

భిక్షం ఆమె దిక్కు దేవతను చూసినట్టు చూసిండు.

వచ్చినాయన పేరు పరమేశ్వర్. నూలుకు రంగులద్దుతడు. "బుధవారం పొద్దున మా వాడ నల్లాలల్ల ఎర్ర నీళ్లొచ్చినయి మేడం. అప్పటికే ఒక పిల్ల దవాఖానల పడ్డది. ఇప్పటికి పదకొండు మంది. వాంతులు, విరేచనాలు. నేనే నీళ్ల ట్యాంకిల రంగు కలిపిన్నని కేసు పెట్టిన్రు. రేపు మధ్యాన్నంలోపల ఇల్లు ఖాళీ చెయ్యకుంటే రంగు బానలు పలగ్గొడ్తమన్నరు వాడోళ్లు. నలభై ఏండ్ల బానలు!"

"రంగు నీళ్లు యాడ పారబోస్తవు?"

"ఇంటి ముంగటి మురికి మోరీలనే. రోజు పొద్దుగాల ఐదింటికి నూలు కడుగుత. మా బాపు కాలం నుంచి అంతే."

"ఈ వారం ఏ రంగు?"

"సోమ, మంగళవారాలు పసుపు. బుధవారం నుంచి ఎరుపే."

రోజారమణి చెప్పులేసుకున్నది.

ఊరు చేరేసరికి పది దాటింది. ఆ వాడ మొగదల్ల మోరీ మీద చిన్న కల్వర్టు. నల్లా పైపు ఆ మోరీ లోపల్నుంచే పోతది. కల్వర్టు అవతలి మొదటి ఇల్లు కిష్టయ్య అనే పెద్దాయనది. కేసు పెట్టింది ఆయనే. దవాఖానల ముందుగాల పడ్డది ఆయన మనుమరాలు ఉష.

"వాణ్ణి పట్టియ్యు బిడ్డా," అన్నడు కిష్టయ్య, కండ్లు ఎర్రగ చేసుకొని. "నా పిల్ల ఏడేండ్లది. సెలైను మీద ఉంది. ఇంకో రెండు దినాలు గడిస్తెగాని చెప్పలేమన్నరు డాక్టర్లు."

మాట్లాడుతుంటే పైనుంచి చుక్కలు పడి భిక్షం చొక్కా తడిసింది. ఇంటి మీది ట్యాంకి పొర్లి, గోడెంబడి నీళ్ల చారలు.

"మీ ట్యాంకి బాగ నిండినట్టుంది పెద్దాయనా," అన్నడు భిక్షం.

"నా చెయ్యి చల్వ," అన్నడు కిష్టయ్య.

రోజారమణి ఇంకో మాట అడగకుంట పంచాయతీ ఆఫీసుకు నడిచింది. ఆ పొద్దున గూడ ఎర్ర నీళ్లు రాంగనే నల్లాలు బందు చేసి, ట్యాంకర్లతోని నీళ్లు పోస్తున్నరక్కడ. ముగ్గురు మూడు దిక్కుల నిలబడ్డరు. నీళ్లు విడిచే బీరన్న, కరెంటు లైన్‌మన్ రాజేశ్, ఆశా కార్యకర్త శోభ.

"ఉష ఏ రోజు పడ్డది శోభమ్మా?"

"మంగళవారం రాత్రికే మేడం." శోభ రిజిస్టరు తిప్పింది. "తక్కినోళ్లు బుధ, శుక్ర, శనివారాలు. అందరు కల్వర్టు అవతలోళ్లే. ఇవతల ఒక్కరు లేరు."

"ఎర్ర నీళ్లు రాకముందే పిల్ల పడ్డదా?" భిక్షం నోరు తెరిచిండు. "అంటే రంగు కాదన్నట్టు!"

"టికెట్టు సరిగ్గ కొట్టిన్రు," అన్నది రోజారమణి. "బీరన్నా, రోజు ఎర్ర నీళ్లే వచ్చినయా?"

"బుధవారం, శుక్రవారం, మళ్ల ఇయ్యాల మేడం. గురువారం తెల్లగనే వచ్చినయి. అదే నాకు సమజ్‌గాలే."

"గురువారం పొద్దున కరెంటు సంగతేంది రాజేశ్?"

రాజేశ్ ఫోన్ల చూసిండు. "ట్రాన్స్‌ఫార్మరు రిపేరు. ఐదున్నర నుంచి ఎనిమిది దాక ఆ వాడకు కరెంటు లేదు."

"నీళ్లకు కరెంటు ఎందుకు?" బీరన్న నవ్విండు. "నేను ముందు రోజు సాయంత్రమే పెద్ద ట్యాంకి నింపుత. పొద్దున ఆరింటికి వాల్వు తిప్పితె వాటంతట అవే వస్తయి."

"నీళ్లకు అక్కరలేదు," అన్నది రోజారమణి. "మురికికి అక్కర పడ్డది. ఈ మాట ఒకరికొకరు చెప్పుకున్నరా?"

"లే మేడం," అన్నది శోభ, రిజిస్టరు మూసి. రోజు ఒకే హోటల్ల చాయ్ తాగుతరు ఆ ముగ్గురు.

ఆదివారం పొద్దున ఆరింటికి వాడంత కల్వర్టు కాడ జమైంది. ఎస్సై వచ్చిండు. నల్లా నీళ్లు ఎవరూ తాగొద్దని మైకుల చెప్పించిండు. పరమేశ్వర్ భార్య అప్పటికే బట్టలు మూట కట్టింది. బీరన్న మోరీల మన్ను తీసినంక పైపు బయటపడ్డది. అతుకు కాడ వేలెడు పగులు.

"పరమేశ్వర్, ఒక ఎర్ర పోగు ఇయ్యి," అన్నది రోజారమణి. "బీరన్నా, వాల్వు తిప్పు."

ఆమె కట్టె కొసకు పోగు కట్టి పగులు దగ్గర పట్టింది. పగిలిన పైపుల నీళ్లు పారుతుంటే పోగు బయటికి కొట్టుకపోవాలె. అందరూ అదే అనుకున్నరు. పోగు లోపలికి ఒంగింది. మోరీ నీళ్లు గిరగిర తిరుక్కుంట పగుల్లకు దూరుతున్నయి. ఎవరో ఆడామె "అవ్వో!" అని నోరు మూసుకున్నది.

"ఎవరో నల్లాకు మోటరు పెట్టి గుంజుతున్నరు," అన్నది రోజారమణి. "వచ్చే నీళ్లు వాళ్ల గుంజుడుకు సాలక, పైపు ఈ పగుల్లకెల్లి మోరీని తాగుతాంది. కరెంటు లేని గురువారం మోటరు తిరగలే, అందుకే నీళ్లు తెల్లగ వచ్చినయి. సోమ, మంగళవారాల పసుపును మట్టి నీళ్లనుకొని ఎవరు పట్టించుకోలే. రోగం మోరీది. పరమేశ్వర్ రంగు ఆ దారిని మనకు చూపెట్టిందంతే. రాజేశ్, ఒక్కో ఇంటి కరెంటు తియ్యి. ఆ కొస నుంచి మొదలుపెట్టు."

ఒక ఇల్లు. పోగు లోపలికే. ఇంకో ఇల్లు. లోపలికే. ఏడిండ్లు అయినయి. మిగిలింది ఒక్కటే.

"నా ఇల్లెందుకు బిడ్డా?" అన్నడు కిష్టయ్య. "నా పిల్లనే కదా పడ్డది!"

"అందుకే పెద్దాయనా. గుంజినోళ్లకే మొదటి ముంత."

రాజేశ్ తీగ తప్పించిండు. పోగు ఒక్కసారి వణికి, కట్టె మీదికి ఎగిరింది. పగుల్లకెల్లి తెల్లటి నీళ్లు చిమ్మి ఎస్సై బూట్లు తడిపినయి.

కిష్టయ్య మోరీ గట్టు మీద కూలబడ్డడు.

"పోయిన ఆదివారమే పెట్టించిన," అన్నడు. "పిల్లకు స్నానానికి నీళ్లు సాల్తలేవని. రోజు ఆరింటికి స్విచ్చి ఏసి పండుకుంటుంటి, కరెంటు ఉన్నదా లేదా గూడ చూడకపోతుంటి. ఇయ్యాల గూడ అలవాటుల ఏసే వచ్చిన. నా చేతులతోనే గ్లాసుల పోసిచ్చిన."

అందరికంటే ముందు పోయి ఆయన రెక్క పట్టి లేపింది పరమేశ్వరే. ఎర్ర వేళ్ల గుర్తులు అంగీ మీద పడ్డయి.

ఎస్సై మోటరు జప్తు చేసి, పరమేశ్వర్ మీది కేసు కొట్టేసిండు. బీరన్న అతుకు మార్చిండు. శోభ చెప్పిన మందు ట్యాంకిల పడ్డది. అప్పటి నుంచి ప్రతి సోమవారం బీరన్న పుస్తకం, శోభ రిజిస్టరు, రాజేశ్ ఫోను, ఠాణా నుంచి ఒక కానిస్టేబులు, పంచాయతీల ఒకే బల్ల కాడికొస్తున్నయి. చాయ్ గూడ అక్కడికే వస్తది.

ఉష మంగళవారం కండ్లు తెరిచి ఇడ్లీ అడిగింది.

ఇంక కల్పించిన ముక్క ఏదో ఒప్పుకోవాలె. మా తాత చెవి సంగతా? అది పక్కా నిజం. మా వాడల కిష్టయ్య అనేటోడే లేడు. కల్వర్టు అవతలి మొదటి ఇల్లు నాది. ఆ ట్యాంకి ఇప్పుడు పొర్లుతలేదు. పొద్దున ఆరింటికి నల్లా కాడ బిందె పట్టుకొని, పరమేశ్వర్ ఎనుక వరుసల నిలబడుతున్న. అంగీ మీది ఆ ఎరుపు మాత్రం ఎన్ని ఉతుకులకూ పోలే. ఆయన రంగు గంత గట్టిది మరి.