నీలవేణి టాకీస్ ఆఖరి ఆట

దాచేపల్లి బస్సులో సీటు కింద ఫోన్ దొరికింది. ఫోన్ తాలూకు అమ్మాయి దొరకలేదు.

పేరు సబీహా. గురజాలలో బైకులు బాగుచేసే సత్తార్ కూతురు. పల్నాడులో మూతపడిన సినిమా హాళ్ళ గురించి వీడియోలు తీస్తుంది. ఎప్పుడు తెరిచారు, ఎందుకు మూశారు, ఊళ్ళో ముసలివాళ్ళని అడిగి చెప్పిస్తుంది. నిన్న మధ్యాహ్నం అలాగే ఇంట్లోంచి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

"ఎవరితోనో లేచిపోయుంటది మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ జయరాజు. "బస్సెక్కింది, ఫోన్ పడేసింది. క్లియర్ కేసు."

ఎస్సై హైమావతి ఫోన్ తిప్పి చూసింది. కవర్ అంచులో నల్లటి పొడి. వాసన చూసింది. ముక్కు మండింది.

గబ్బిలాల కంపు.

సబీహా తల్లి హజ్రా బీ ఫోన్ లాక్ తీసింది. "నా బిడ్డకి చీకటంటే భయం మేడమ్. ఏడుందో ఏమో."

ఆఖరి వీడియోలో లక్ష్మీతిరుపతమ్మ అనే ముసలామె మాట్లాడుతోంది.

"నీలవేణి టాకీస్ తెరిచిన రోజు ఊళ్ళోళ్ళమంతా బళ్ళు కట్టుకొని పోయినం. మా ఆడోళ్ళకి పక్కన వేరే గేటు, వేరే మెట్లు. ఆ గేటు కాడ సుబ్బరత్నం టిక్కెట్లు చింపేది. ఆఖరాటలో కరెంటు వైర్లు కాలి పొగలేచింది. ఆ రోజుతో హాలు మూశారు. సుబ్బరత్నం గూడా ఆ రోజే ఎవరితోనో లేచిపోయిందన్నారమ్మా."

హైమావతి వీడియో ఆపింది. ఇద్దరు ఆడవాళ్ళు. ఒకే హాలు. ఒకే మాట.

"జీపు తీయండి."

టాకీస్ ఆవరణలో జేసీబీ అప్పటికే ముందున్న ప్రహరీ గోడ కూల్చేసింది. పని చేయిస్తున్నది అమరేశ్వరరావు. ఒకప్పుడు ఆ హాలు మేనేజర్.

"అమ్మాయి వచ్చిందా?"

"వచ్చింది. బయటే మాట్లాడి పంపేశా."

"లోపలికి?"

"లేదు మేడమ్. తాళం నా దగ్గరే ఉంది. మూసినప్పటి నుంచీ లోపల మనిషి అడుగు పెట్టలా. అనుమానముంటే చూసుకోండి."

లోపల పట్టపగలే చీకటి. టార్చ్ వేయగానే పైకప్పు కదిలింది. వందల గబ్బిలాలు. జయరాజు నెత్తిమీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు.

హాలంతా వెతికారు. ఎవరూ లేరు.

"పోదాం మేడమ్," జయరాజు గొంతు తగ్గించాడు. "తెల్లారుజామున లోపల ఆడమనిషి ఏడుపు వినపడిందని ఇందాక వీధిలోవాళ్ళు అన్నారు. ఈ హాల్లో దెయ్యముందని ఎప్పట్నించో అంటారు. భయపడి అందరూ తలుపులేసుకున్నారు."

హైమావతి వెన్నులో చలి పాకింది. దెయ్యమని కాదు. పిలిస్తే ఎవరూ రాలేదని.

"లేడీస్ గేటు ఏది?"

అమరేశ్వరరావు తడుముకున్నాడు. "అది... ఎప్పుడో ఎత్తేసి గోడ కట్టేశాం."

"మెట్లు?"

అమరేశ్వరరావు గుమ్మం వైపు జరిగాడు.

బయట జేసీబీ ఎడమ మూలకి తిరిగింది. నేల అదిరింది. పైనుంచి సున్నం పెళ్ళలు రాలాయి. హైమావతి టార్చ్ అటు తిప్పింది. ఎడమ గోడకి విరిగిన కుర్చీలు కుప్పగా పేర్చి ఉన్నాయి. హాల్లో ప్రతి కుర్చీ మీదా గబ్బిలాల రెట్ట మందంగా పేరుకుంది. ఈ కుప్పలో మాత్రం చేతులు పట్టుకున్న చోటల్లా రెట్ట రాలి చెక్క తేలింది.

"జేసీబీ ఆపండి!"

"ఆ మూల గోడ ఊగతంది మేడమ్, బయటికి రండి!" అమరేశ్వరరావు అరిచాడు.

"ఆపమన్నా!"

జయరాజు పరిగెత్తాడు. ఇంజన్ ఆగింది.

నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో, కుర్చీల వెనక, ఇనుము మీద గోళ్ళు గీస్తున్న చప్పుడు.

కుర్చీలు లాగేశారు. వెనక ఇనప తలుపు. దానికి కొత్త తాళం. తాళంచెవి అమరేశ్వరరావు చొక్కా జేబులో దొరికింది.

మెట్ల మీద ముడుచుకుని ఉంది సబీహా. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. హైమావతి చెయ్యి పట్టుకుని ఒకటే మాట గొణిగింది.

"తలుపు ముయ్యొద్దు మేడమ్. ముయ్యొద్దు."

మెట్ల కింద సగం తవ్విన గొయ్యి. అందులో ఎముకలు. ఎముకల పక్కన ఆకుపచ్చ గాజుల ముక్కలు.

ఆవరణలో జనం మూగారు. హజ్రా బీ పరిగెత్తుకొచ్చి కూతుర్ని హత్తుకుంది. హైమావతి అమరేశ్వరరావుని జీపు దగ్గర నిలబెట్టింది.

"సబీహా బస్సెక్కలేదు. ఎక్కిందని మేం నమ్మాలని ఫోన్ నువ్వే సీటు కింద పడేశావు. దానికి అంటుకున్న కంపు మాత్రం తుడవలేదు. మనిషి అడుగు పెట్టలేదన్న హాల్లోంచే ఆ ఫోన్ బయటికొచ్చింది. కూల్చేలోపు ఎముకలు తీసేద్దామని తవ్వుతుంటే సబీహా చూసింది. అవునా?"

అమరేశ్వరరావు చేతులు జోడించాడు.

"టిక్కెట్లేనోళ్ళు దూరుతున్నారని లేడీస్ గేటుకి బయట తాళం నేనే ఏశా మేడమ్. పొగలేచింది. సుబ్బరత్నం ఆడోళ్ళనందర్నీ హాల్లో నుంచి పంపేసి, మెట్ల మీద ఎవరన్నా ఉన్నారేమోనని ఎనక్కిపోయింది. తాళం సంగతి నాకు గుర్తు రాలా. తీసేసరికి పొగకి ఊపిరాడక ప్రాణం పోయింది. నన్ను జైల్లో ఏస్తారని..."

"పాతిపెట్టి, లేచిపోయిందని పుకారు పుట్టించావు. ఈ పిల్లని ప్రాణాలతో ఉండగానే గోడ కింద కప్పేయాలని చూశావు."

జనంలోంచి ఒక ముసలాయన ముందుకొచ్చాడు. పిచ్చయ్య. సుబ్బరత్నం భర్త. ఈ వీధిలో సోడాబండి పెట్టుకుని బతుకుతాడు. పరుగెత్తినవాడిలా రొప్పుతున్నాడు.

"మా రత్నం ఏడికీ పోలేదా అమ్మా?"

"పోలేదు బాబాయ్. పదిమందిని బయటికి పంపించి, తను ఉండిపోయింది."

పిచ్చయ్య అక్కడున్న మొహాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఎవరూ ఆయన కళ్ళలోకి చూడలేకపోయారు. సబీహా తన తల్లి చెయ్యి వదిలి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

జయరాజు ఎముకలు చుట్టడానికి తెల్లగుడ్డ తెచ్చాడు. జనం కళ్ళ పడకుండా జీపు పక్క సందులోకి తిప్పమని డ్రైవర్‌కి చెప్పబోయాడు.

"సందులోకొద్దయ్యా," అన్నాడు పిచ్చయ్య. "పెద్ద బజారులో తీసకపోండి. అందరూ చూడాల."